మ్యాక్‌కి గేమ్ అప్‌డేట్ ఆలస్యమైతే విండోస్ స్నేహితులతో ఆడుకోవడం ఎలా: పూర్తి గైడ్

విండోస్ వాళ్లకి ప్యాచ్ వచ్చేసింది, మీ మ్యాక్‌కి రాలేదు. రాత్రి అందరూ ఆన్‌లైన్‌లోకి వచ్చాక లాబీలో జాయిన్ అవ్వబోతే వెర్షన్ సరిపోలేదని గేమ్ మిమ్మల్ని బయటే నిలబెట్టింది, లేదా ఏ మెసేజూ ఇవ్వకుండా స్నేహితుడి గేమ్ మీ లిస్టులో కనపడటమే మానేసింది. మ్యాక్‌లో మల్టీప్లేయర్ ఆడేవాళ్లలో ఈ అనుభవం లేనివాళ్లు తక్కువ. అప్పుడు సాధారణంగా జరిగేదేంటంటే, "మ్యాక్ అప్‌డేట్ వచ్చాక కలుద్దాంలే" అని మిగతావాళ్లు ఆట మొదలుపెడతారు, రెండు వారాలు తిరిగేసరికి వాళ్లు ఎక్కడికో వెళ్లిపోతారు, మ్యాక్ ఉన్న మనిషి గ్రూపులోంచి మెల్లగా జారిపోతారు. అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అసలు విషయం ముందే చెప్పేస్తా. మ్యాక్ అప్‌డేట్‌ని త్వరగా రప్పించడం మీ చేతిలో లేదు, కానీ విండోస్ కాపీని ఒక వెర్షన్ వెనక్కి తేవడం చాలా గేమ్‌లలో మీ గ్రూపు చేతిలోనే ఉంది. అది కుదిరే గేమా కాదా, కుదిరితే ఎలా, కుదరకపోతే వేరే దారులేంటి, ఈ వరసలో చూద్దాం.

మొదటి పని: తేడా నిజంగా వెర్షన్‌దేనా అని తేల్చుకోండి

గ్రూపులో ప్రతి ఒక్కర్నీ గేమ్ తెరిచి మెయిన్ మెనూ స్క్రీన్‌షాట్ పెట్టమనండి. దాదాపు ప్రతి గేమ్‌లోనూ ఏదో ఒక మూలన చిన్న అక్షరాల్లో వెర్షన్ నంబర్ ఉంటుంది. చివరి అంకె దాకా పోల్చండి. "నాది కూడా లేటెస్టే" అనే మాటని అస్సలు నమ్మొద్దు, ఎందుకంటే మ్యాక్‌కి అందుబాటులో ఉన్న లేటెస్టూ విండోస్‌కి ఉన్న లేటెస్టూ వేరు కావడమే ఇక్కడ సమస్య.

స్టీమ్‌లో (పీసీ గేమ్‌లు అమ్మే స్టోర్, అదే యాప్ కూడా) ఆడేవాళ్లు ఒక చోట బాగా తికమకపడతారు. గేమ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో అప్‌డేట్స్ తెరిస్తే బిల్డ్ ఐడీ అని ఒక నంబర్ కనిపిస్తుంది. ఇద్దరిదీ అదే నంబర్ ఉంటే వెర్షన్ ఒకటే అనుకుంటారు. కాదు. స్టీమ్‌లో ఒక బిల్డ్ అంటే విండోస్, మ్యాక్, లినక్స్ ఫైళ్లన్నీ కలిపి పెట్టిన ఒక కట్ట. ఒక్కో ప్లాట్‌ఫామ్ ఫైళ్లు డిపో అనే విడి విభాగంలో ఉంటాయి. డెవలపర్ విండోస్ డిపోని మాత్రమే మార్చి, మ్యాక్ డిపోని పాతదాన్నే ఉంచి కొత్త బిల్డ్ వదిలితే, మీ ఇద్దరికీ బిల్డ్ ఐడీ ఒకటే చూపిస్తుంది, లోపల గేమ్ మాత్రం వేరు. కాబట్టి మెయిన్ మెనూలో కనిపించే నంబరే ప్రమాణం.

ఇంకా లోతుగా చూడాలంటే, స్టీమ్ గేమ్‌ల వివరాలు చూపించే స్టీమ్‌డీబీ అనే సైట్‌లో ఆ గేమ్ పేజీ తెరిచి డిపోల విభాగానికి వెళ్లండి. ప్రతి డిపో పక్కన అది ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌దో ఉంటుంది, దాన్ని నొక్కితే మ్యానిఫెస్టులు (ఒక్కో వెర్షన్ ఫైళ్ల జాబితాలు) ఏ తేదీల్లో మారాయో వరసగా కనిపిస్తాయి. విండోస్ డిపో నిన్న మారి, మ్యాక్ డిపో చివరిసారి రెండు నెలల క్రితం మారి ఉంటే కారణం దొరికినట్టే. ఈ తేదీలు ఇంకో రకంగా కూడా ఉపయోగపడతాయి. గత నాలుగైదు ప్యాచ్‌లు చూస్తే ఆ గేమ్‌కి మ్యాక్ అప్‌డేట్ మామూలుగా ఎన్ని రోజులు వెనకబడుతోందో మీకే ఒక అంచనా వస్తుంది. మూడు రోజులా, మూడు నెలలా అన్నది తెలిస్తే ఎంత శ్రమ పడాలో మీరే నిర్ణయించుకోవచ్చు. మూడు రోజులే అయితే ఆ వారం వేరే గేమ్ ఆడుకోండి, ఇంత తంటా అక్కర్లేదు.

డీఎల్‌సీలు (గేమ్‌కి విడిగా తీసుకునే అదనపు భాగాలు), మోడ్‌లు (ఆటగాళ్లు చేసిన మార్పులు) కూడా ఇప్పుడే పోల్చండి. వెర్షన్ ఒకటే అయినా ఒకరి దగ్గర ఒక మోడ్ ఎక్కువున్నా చాలా గేమ్‌లు వెర్షన్ తేడా అన్నట్టే ప్రవర్తిస్తాయి.

ఆలస్యం ఎక్కడ పుడుతుంది

కారణం తెలియకపోతే డెవలపర్‌ని ఏమడగాలో తెలియదు, అందుకే కాస్త ఆగి ఇది చెప్తున్నా. విండోస్ గేమ్‌లు ఎక్కువ డైరెక్ట్‌ఎక్స్ అనే గ్రాఫిక్స్ వ్యవస్థ మీద నడుస్తాయి. మ్యాక్‌లో అది లేదు. అలాంటిదే అయిన ఓపెన్‌జీఎల్‌ని యాపిల్ 2018లో మాకోస్ మొజావేతో పక్కన పెట్టేసింది, వల్కన్‌ని నేరుగా ఇవ్వదు, యాపిల్ సొంత మెటల్ ఒక్కటే రాజమార్గం. 2019లో క్యాటలినాతో 32 బిట్ యాప్‌లు పూర్తిగా ఆగిపోయాయి, 2020 నవంబర్‌లో యాపిల్ సొంత చిప్ ఉన్న ఎం1 మ్యాక్‌లు వచ్చి ప్రాసెసరే మారిపోయింది. రెండేళ్ల తేడాలో ఇన్ని మార్పులు, ప్రతి మార్పుకీ గేమ్ కోడ్‌ని మళ్లీ తడమాల్సిందే.

పైగా చాలా పెద్ద గేమ్‌ల మ్యాక్ వెర్షన్ చేసేది అసలు స్టూడియో కాదు. ఆస్పిర్, ఫెరల్ ఇంటరాక్టివ్ లాంటి పోర్టింగ్ కంపెనీలు చేస్తాయి. అసలు స్టూడియో విండోస్ ప్యాచ్ పూర్తి చేసి కోడ్ అందించాకే వీళ్ల పని మొదలవుతుంది, దాని తర్వాత టెస్టింగ్. ఇలాంటి ఏర్పాటులో ఆలస్యం నిర్లక్ష్యం వల్ల కాదు, పని జరిగే క్రమమే అంత. మరోవైపు జావా మీద నడిచే మైన్‌క్రాఫ్ట్ లాంటివి, మోనోగేమ్ అనే గేమ్ తయారీ టూల్ మీద కట్టిన స్టార్‌డ్యూ వ్యాలీ లాంటివి అన్ని కంప్యూటర్లకీ దాదాపు ఒకే కోడ్‌తో నడుస్తాయి కాబట్టి మ్యాక్‌కి కూడా అదే రోజు వచ్చేస్తాయి. స్టార్‌డ్యూ 1.6 అప్‌డేట్ 2024 మార్చి 19న విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఒకేసారి వచ్చింది, కన్సోళ్లకీ మొబైల్‌కీ మాత్రం నవంబర్ దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక సంఖ్యాబలం. స్టీమ్ నెలనెలా చేసే సర్వేలో మ్యాక్ వాటా రెండు శాతం దరిదాపుల్లో ఊగుతుంటుంది. రాకెట్ లీగ్ 2020 మార్చిలో మ్యాక్, లినక్స్ ఆన్‌లైన్ ఆటని ఆపేసినప్పుడు దాని తయారీ కంపెనీ సైయోనిక్స్ చెప్పిన లెక్క, ఆ రెండూ కలిపి యాక్టివ్ ప్లేయర్లలో 0.3 శాతం కన్నా తక్కువ అని. 2023లో కౌంటర్ స్ట్రైక్ 2 మ్యాక్‌కి రాదని దాని తయారీ కంపెనీ వాల్వ్ చెప్పినప్పుడు కూడా, మ్యాక్‌తో పాటు డైరెక్ట్‌ఎక్స్ 9, 32 బిట్ వాళ్లందర్నీ కలిపినా ఒక శాతం లోపే అంది. మ్యాక్ మీద గేమ్ ఆడేవాళ్లుగా ఇది మింగుడుపడదు, కానీ మన అప్‌డేట్ వరసలో ఎందుకు వెనక ఉంటుందో ఈ అంకెలే చెప్తాయి.

రెండో పని: మీ గేమ్ ఏ రకమో తెలుసుకోండి

ఇదొక్కటి సరిగ్గా తేలితే సగం పని అయినట్టే. మీలో ఒకరు హోస్ట్ చేస్తే మిగతావాళ్లు వాళ్ల గేమ్‌లోకి వచ్చే రకమా, లేక అందరూ కంపెనీ సర్వర్‌కి కనెక్ట్ అయ్యే రకమా?

హోస్ట్ చేసే రకంలో, అంటే స్టార్‌డ్యూ, ఫ్యాక్టోరియో, టెరేరియా, మైన్‌క్రాఫ్ట్ జావా, సివిలైజేషన్ 6 లాంటివాటిలో, అందరి వెర్షన్ ఒకటే అయితే చాలు, అది కొత్తదే కానక్కర్లేదు. ఇక్కడ వెనక్కి రావడం కుదురుతుంది.

కంపెనీ సర్వర్ రకంలో సర్వర్ ఏ వెర్షన్ అడిగితే అదే ఉండాలి. 2020 ఆగస్టులో యాపిల్‌తో గొడవ వల్ల ఫోర్ట్‌నైట్ మ్యాక్‌లో 13.40 దగ్గర ఆగిపోయింది. మిగతా ప్రపంచం కొత్త సీజన్‌లోకి వెళ్లిపోయింది, మ్యాక్ వాళ్లు పాత వెర్షన్‌లోనే మిగిలిపోయి అవతలి స్నేహితులతో కలిసి ఆడలేకపోయారు. ఇలాంటి గేమ్‌లో మీరుగానీ మీ స్నేహితులుగానీ ఎన్ని ఫైళ్లు మార్చినా లాభం లేదు, నేరుగా కింద రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కి వెనక్కి రావడం) కుదరని చోట్ల గురించి రాసిన భాగానికి వెళ్లిపోండి.

మీ గేమ్ ఏ రకమో తెలియకపోతే ఒక గుర్తు: ఇంటర్నెట్ లేకుండా గేమ్ తెరిచి లోకల్ నెట్‌వర్క్‌లో హోస్ట్ చేసే ఆప్షన్ కనిపిస్తే దాదాపుగా మొదటి రకమే.

మూడో పని: విండోస్ కాపీని వెనక్కి తేవడం

దీనికి ముందు సేవ్ ఫైళ్లు కాపీ చేసుకోండి. ఇది తర్వాత చేద్దాంలే అనుకునే పని కాదు. కొత్త వెర్షన్‌లో ఒక్కసారి తెరిచి సేవ్ చేసిన ప్రపంచం పాత వెర్షన్‌లో చాలాసార్లు తెరుచుకోదు, తెరుచుకున్నా వస్తువులు మాయమవుతాయి. ప్యాచ్ వచ్చిందని తెలియగానే గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి: "మన సేవ్‌ని ఎవరూ కొత్త వెర్షన్‌లో తెరవొద్దు." నెలల తరబడి కట్టుకున్న ఫ్యాక్టరీని కాపాడేది ఈ ఒక్క మెసేజే.

మ్యాక్‌లో సేవ్‌లు ఎక్కువగా మీ యూజర్ లైబ్రరీలోని అప్లికేషన్ సపోర్ట్ ఫోల్డర్‌లో ఉంటాయి. లైబ్రరీ మామూలుగా కనపడదు. ఫైండర్‌లో గో మెనూ తెరిచి ఆప్షన్ కీ నొక్కి పట్టుకుంటే అప్పుడు లైబ్రరీ ప్రత్యక్షమవుతుంది. మైన్‌క్రాఫ్ట్, ఫ్యాక్టోరియో రెండూ అక్కడే వాటి పేరుతో ఉంటాయి. స్టార్‌డ్యూ మాత్రం హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్ ఫోల్డర్‌లో దాక్కుంటుంది, ఫైండర్‌లో కమాండ్, షిఫ్ట్, చుక్క కీలు కలిపి నొక్కితే దాగి ఉన్న ఫోల్డర్లు కనిపిస్తాయి. మొత్తం ఫోల్డర్‌ని తేదీ వేసి డెస్క్‌టాప్ మీదకి కాపీ చేయండి. స్టీమ్ క్లౌడ్ ఉంది కదా అని ఊరుకోవద్దు, పాడైన సేవ్‌ని కూడా అది అంతే నమ్మకంగా అన్ని కంప్యూటర్లకీ పంపిస్తుంది. వెర్షన్లు మార్చే రోజుల్లో ప్రాపర్టీస్‌లో క్లౌడ్ ఆపేసి, అంతా కుదిరాక మళ్లీ ఆన్ చేయడం మంచిది.

ఇప్పుడు వెనక్కి రావడం. తేలిక నుంచి కష్టానికి వరసగా చెప్తా.

మైన్‌క్రాఫ్ట్ జావా అన్నింటికన్నా సులువు. లాంచర్‌లో ఇన్‌స్టలేషన్స్ తెరిచి, కొత్త ఇన్‌స్టలేషన్ పెట్టి, లిస్టులోంచి కావాల్సిన వెర్షన్ ఎంచుకుంటే చాలు, ఎన్నో ఏళ్ల పాత వెర్షన్లు కూడా అక్కడే ఉంటాయి. ఇందులో మ్యాక్ వెనకబడటం కన్నా, మీరు ఆడే సర్వరో మోడ్ ప్యాకో పాత వెర్షన్ మీద ఉండటమే ఎక్కువ సార్లు అడ్డొస్తుంది, పరిష్కారం మాత్రం ఇదే. ఒక సంగతి మర్చిపోవద్దు, బెడ్‌రాక్ ఎడిషన్ అధికారికంగా మ్యాక్‌కి లేదు, జావా వాళ్లు బెడ్‌రాక్ వాళ్లతో నేరుగా ఆడలేరు. కన్సోల్‌లోనో ఫోన్‌లోనో ఆడే స్నేహితుడు కనపడట్లేదంటే వెతకాల్సింది వెర్షన్ కాదు, ఎడిషన్.

స్టీమ్ గేమ్‌లకి: ప్రాపర్టీస్‌లో బీటాస్ తెరవండి. పేరు చూసి భయపడొద్దు, ఇక్కడ కొత్తవే కాదు, చాలామంది డెవలపర్లు పాత వెర్షన్లు కూడా పెడతారు. ఫ్యాక్టోరియోలో ఈ లిస్టు చాంతాడంత ఉంటుంది. మ్యాక్ ఏ వెర్షన్‌లో ఉందో విండోస్ వాళ్లు అదే బ్రాంచ్ (ఆ లిస్టులోని వెర్షన్) ఎంచుకుంటే స్టీమ్ దానంతట అదే వెనక్కి దించేస్తుంది. మీ మ్యాక్‌ని కూడా అదే బ్రాంచ్ మీద పెట్టండి, లేకపోతే రాత్రికి రాత్రి మ్యాక్ ప్యాచ్ దిగి మళ్లీ మీరే ముందుకు వెళ్లిపోతారు.

బీటాస్‌లో పాత వెర్షన్ లేకపోతే స్టీమ్ కన్సోల్ అనే దారి ఉంది, కొంచెం ఓపిక కావాలి. విండోస్ స్నేహితుడు స్టీమ్ కన్సోల్ తెరిచి, డిపో డౌన్‌లోడ్ చేసే కమాండ్‌కి గేమ్ నంబర్, డిపో నంబర్, మ్యానిఫెస్ట్ నంబర్ ఈ మూడూ వరసగా ఇవ్వాలి. మూడూ స్టీమ్‌డీబీలోనే దొరుకుతాయి. మ్యానిఫెస్ట్ ఎంచుకునేటప్పుడు, మ్యాక్ వెర్షన్ ఏ విండోస్ ప్యాచ్‌కి సమానమో ప్యాచ్ నోట్స్ చూసి ఆ తేదీది తీసుకోవాలి. మ్యాక్ డిపో మారిన తేదీ పట్టుకుంటే తప్పు వెర్షన్ వస్తుంది, ఎందుకంటే జనవరి విండోస్ ప్యాచే మ్యాక్‌కి మార్చిలో వచ్చి ఉండొచ్చు. డౌన్‌లోడ్ అయినవి స్టీమ్ ఫోల్డర్ లోపల స్టీమ్‌యాప్స్‌లో కంటెంట్ అనే ఫోల్డర్‌లో పడతాయి, డౌన్‌లోడ్ జరుగుతున్నంతసేపూ స్క్రీన్ మీద ఏ పురోగతీ కనపడదు, ఆగిపోయిందనుకుని మూసేయొద్దు. ఒక గేమ్‌కి రెండు మూడు డిపోలు ఉంటే అన్నీ దించి ఒకే ఫోల్డర్‌లో కలపాలి. అక్కడి నుంచి గేమ్‌ని నేరుగా నడిపితే స్టీమ్ దాన్ని అప్‌డేట్ చేయదు. కొన్ని గేమ్‌లు స్టీమ్ ద్వారానే తెరవాలని పట్టుబడతాయి, వాటి విషయంలో ఈ దారి పనిచేయదు.

ఒక్క జాగ్రత్త. ఈ పాత కాపీలతో స్నేహితులతో ఆడే ప్రైవేట్ ఆటలకే పరిమితమవ్వండి. యాంటీచీట్ (మోసాల్ని పట్టే ప్రోగ్రామ్) ఉన్న పోటీ మ్యాచ్‌లలోకి మార్చిన ఫైళ్లతో వెళ్లి అకౌంట్ మీదకి తెచ్చుకోవద్దు.

రోల్‌బ్యాక్ కుదరని చోట

మూడు దారులున్నాయి, మూడూ ఒకే ఆలోచన మీద పనిచేస్తాయి: మీ ముందున్నది మ్యాకే అయినా నడిచేది విండోస్ గేమ్ అవ్వాలి.

నాకు బాగా నచ్చింది స్టీమ్‌లోని రిమోట్ ప్లే టుగెదర్, ఎందుకో దీన్ని వాడేవాళ్లు తక్కువ. 2019 నుంచి ఉంది. ఒకే స్క్రీన్ మీద ఇద్దరు ముగ్గురు ఆడే గేమ్‌లకి మాత్రమే పనికొస్తుంది. గేమ్ హోస్ట్ కంప్యూటర్‌లోనే నడుస్తుంది, మీకు వీడియో వస్తుంది, మీ కంట్రోలర్ నొక్కినవి అవతలికి వెళ్తాయి. ఒక్క కాపీయే నడుస్తోంది కాబట్టి వెర్షన్ తేడా అన్న మాటే లేదు, మీరు ఆ గేమ్ కొనకపోయినా పర్వాలేదు. హోస్ట్ ఇంటర్నెట్ అప్‌లోడ్ స్పీడ్ బాగుండాలి, అంతే.

రెండోది క్లౌడ్. ఎన్విడియా సర్వర్లలో గేమ్ నడిపి మీకు వీడియో పంపే జీఫోర్స్ నౌలో నడిచేది పీసీ వెర్షన్, కాబట్టి ప్యాచ్‌లు విండోస్‌తో పాటే వస్తాయి, క్రాస్‌ప్లే (వేర్వేరు ప్లాట్‌ఫామ్‌ల వాళ్లు కలిసి ఆడటం) కూడా విండోస్ వాళ్లకి ఎలా ఉంటే మీకూ అలాగే. గేమ్ వాళ్ల లిస్టులో ఉండాలి, మీ స్టీమ్‌లోనో ఎపిక్‌లోనో కొని ఉండాలి. 1080పీ, సెకనుకి 60 ఫ్రేమ్‌ల ఆటకి ఎన్విడియా చెప్పే కనీస స్పీడ్ 25 ఎంబీపీఎస్, 720పీకి 15. వైఫై కన్నా కేబుల్ పెడితే తేడా మొదటి అయిదు నిమిషాల్లోనే తెలుస్తుంది. ఫ్రీ ప్లాన్‌లో ఒక సెషన్ గంటే, ఆ తర్వాత మళ్లీ క్యూ. అందరూ బాస్ ముందు నిలబడ్డప్పుడు మీరు క్యూలో ఉండకూడదంటే టైమ్ చూసుకుని మొదలుపెట్టండి.

మూడోది విండోస్ గేమ్‌ని మీ మ్యాక్‌లోనే నడపడం. క్రాస్‌ఓవర్ అనే యాప్ వైన్ (విండోస్ ప్రోగ్రామ్‌లని వేరే సిస్టమ్‌లలో నడిపే సాఫ్ట్‌వేర్) మీద కట్టినది, యాపిల్ 2023లో ఇచ్చిన గేమ్ పోర్టింగ్ టూల్‌కిట్‌లోని డీ3డీమెటల్‌ని కూడా వాడుకుంటుంది, అంటే డైరెక్ట్‌ఎక్స్ పిలుపుల్ని మెటల్‌లోకి మార్చి వినిపిస్తుంది. ఇందులో ఒక బాటిల్ (విండోస్‌లా పనిచేసే విడి చోటు) పెట్టి, దాంట్లో విండోస్ స్టీమ్ వేసి, అక్కడ గేమ్ మళ్లీ దించుకోవాలి. మీ మ్యాక్ కాపీ పక్కనే విండోస్ కాపీ కూడా ఉంటుంది కాబట్టి డిస్క్‌లో రెండింతల చోటు కావాలి. ఎం సిరీస్ మ్యాక్‌లో చాలా గేమ్‌లు బానే నడుస్తాయి, కానీ కెర్నెల్ స్థాయి (సిస్టమ్ లోతుల్లో పనిచేసే) యాంటీచీట్ ఉన్నవి నడవవు. వాలరెంట్ లాంటివాటి మీద టైమ్ పెట్టొద్దు. మాకోస్ లోపలే విండోస్ నడిపే ప్యారలల్స్ యాప్‌లో విండోస్ 11 వేసుకోవడం ఇంకో మార్గం, తేలికపాటి గేమ్‌లకి సరిపోతుంది, యాంటీచీట్ దగ్గర మాత్రం దానిదీ అదే గతి. మ్యాక్‌ని నేరుగా విండోస్‌తో నడిపే బూట్ క్యాంప్ ఇంటెల్ మ్యాక్‌లకే, ఎం1 నుంచి లేదు.

ఇంటెల్ మ్యాక్ ఇంకా వాడుతున్నవాళ్లు బూట్ క్యాంప్‌ని తీసేయకండి. మల్టీప్లేయర్ వరకూ అంత నికరమైన దారి ఎం సిరీస్ వాళ్లకి కూడా లేదు.

వెర్షన్ ఒకటే, అయినా కలవట్లేదా

చాలామంది ఇక్కడే జుట్టు పీక్కుంటారు. వరసగా ఇవి చూడండి.

ఒకే ఇంట్లో, ఒకే వైఫై మీద ఉన్నా గేమ్ కనపడకపోతే ముందుగా అనుమానించాల్సింది మాకోస్‌నే. 2024లో వచ్చిన సెక్వోయా నుంచి, లోకల్ నెట్‌వర్క్‌లో వేరే పరికరాల్ని వెతకాలంటే ప్రతి యాప్ మీ అనుమతి అడగాలి. గేమ్ ఫుల్ స్క్రీన్‌లో ఉన్నప్పుడు ఆ ప్రశ్న వెనకాల ఎక్కడో వచ్చి పోతుంది, లేదా తొందరలో వద్దని నొక్కేస్తాం. ఆ తర్వాత గేమ్ ఏ ఎర్రర్ చూపించదు, లాన్ (లోకల్ నెట్‌వర్క్) లిస్టు ఖాళీగా ఉంటుంది, అంతే. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ తెరిచి లోకల్ నెట్‌వర్క్ అనే చోట మీ గేమ్ పేరు పక్కన స్విచ్ ఆన్ చేసి, గేమ్ మూసి మళ్లీ తెరవండి. స్టీమ్ పేరు పక్కన కూడా ఆన్ చేయండి.

తర్వాత ఫైర్‌వాల్. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కింద ఉంటుంది. మీరు హోస్ట్ అయితే ఇన్‌కమింగ్ కనెక్షన్లకి గేమ్‌ని అనుమతించాలి. ఇంటర్నెట్ మీద నేరుగా హోస్ట్ చేస్తుంటే రూటర్‌లో పోర్ట్ తెరవాలి: మైన్‌క్రాఫ్ట్ జావాకి 25565, టెరేరియాకి 7777, ఫ్యాక్టోరియోకి యూడీపీ 34197. స్టీమ్ ఇన్వైట్ ద్వారా కలిసే గేమ్‌లకి ఈ అవసరం చాలావరకు రాదు.

ఏ స్టోర్లో కొన్నారో కూడా చూడండి. మ్యాక్ యాప్ స్టోర్ కాపీలు మల్టీప్లేయర్‌కి యాపిల్ సొంత గేమ్ సెంటర్ వాడితే స్టీమ్ వాళ్లు వాళ్లకి కనపడరు. స్నేహితులతో ఆడటానికే కొంటుంటే వాళ్లు కొన్న స్టోర్లోనే కొనండి.

క్రాస్‌ప్లే కొన్ని గేమ్‌లలో డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, లేదా కంపెనీ అకౌంట్ లింక్ చేయమంటుంది. బాల్డర్స్ గేట్ 3కి 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఎనిమిదో ప్యాచ్‌తో పీసీ, మ్యాక్, కన్సోళ్ల మధ్య క్రాస్‌ప్లే వచ్చింది, దానికి అందరి దగ్గరా లారియన్ అకౌంట్ ఉండాలి. ఇద్దరిలో ఒకరు లింక్ చేయకపోయినా ఫ్రెండ్ లిస్టు ఖాళీగానే కనిపిస్తుంది.

ఇక అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది డిసింక్. కలుస్తారు, ఆడతారు, పావుగంటకి సింక్ పోయిందని ఆట తెగిపోతుంది. స్ట్రాటజీ గేమ్‌లు చాలావాటిలో ప్రతి కంప్యూటర్ మొత్తం యుద్ధాన్ని సొంతంగా లెక్కవేసుకుంటుంది, నెట్‌వర్క్ మీద వెళ్లేవి ఆటగాళ్లు ఇచ్చిన ఆదేశాలు మాత్రమే. అందరి లెక్కా చివరి దశాంశ స్థానం దాకా ఒకటే రావాలి. వేరే ప్రాసెసర్, వేరే కంపైలర్ వల్ల ఒక సైనికుడి స్థానం వెంట్రుకవాసి తేడా వచ్చినా, ఆ తేడా పెరిగి పెరిగి ఒకరి స్క్రీన్‌లో బతికున్నవాడు ఇంకొకరి స్క్రీన్‌లో చచ్చిపోయి ఉంటాడు. ఇది మీ ఇంటర్నెట్ తప్పు కాదు, రూటర్ రీస్టార్ట్ చేసి లాభం లేదు. కంపెనీ ఆఫ్ హీరోస్ 2 మ్యాక్ వెర్షన్‌లో మ్యాక్, లినక్స్ వాళ్లు తమలో తాము ఆడుకోవచ్చు, విండోస్ వాళ్లతో కుదరదు. అదే ఫెరల్ 2021లో తెచ్చిన టోటల్ వార్: రోమ్ రీమాస్టర్డ్‌లో మూడు ప్లాట్‌ఫామ్‌ల వాళ్లూ కలిసి ఆడొచ్చు. కాబట్టి ఇది అసాధ్యమేమీ కాదు, ముందు నుంచీ అనుకుని కట్టాల్సిన పని. మీ ఆటలో డిసింక్ వస్తే మోడ్‌లన్నీ తీసేసి, గేమ్ ఫైళ్లు వెరిఫై చేసి, కొత్త సేవ్‌తో ఒకసారి ప్రయత్నించండి. అప్పటికీ వస్తే ఇద్దరి లాగ్ ఫైళ్లూ కలిపి డెవలపర్‌కి పంపండి, ఒక్కరి లాగ్‌తో వాళ్లు ఏమీ తేల్చలేరు.

మాకోస్ అప్‌డేట్ విషయంలో తొందర వద్దు

గేమ్ అప్‌డేట్ ఆలస్యం ఒక బాధ అయితే మాకోస్ ముందే అప్‌డేట్ అయిపోవడం ఇంకో బాధ. ఏటా పెద్ద వెర్షన్ వచ్చిన మొదటి వారాల్లో ఏదో ఒక గేమ్ తెరుచుకోదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ ఇన్‌స్టాల్ ఆపేసి, మీరు ఆడే గేమ్ డెవలపర్ సరేనన్నాకే వేసుకోండి. సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రం ఆపొద్దు.

మీ గేమ్ యాపిల్ సిలికాన్ (ఎం సిరీస్ చిప్‌లు) కోసం కట్టినదా, రోసెట్టా 2 (ఇంటెల్ యాప్‌లని ఆ చిప్‌ల మీద నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడుస్తోందా కూడా చూసి పెట్టుకోండి. ఫైండర్‌లో యాప్‌ని ఎంచుకుని గెట్ ఇన్ఫో నొక్కితే కైండ్ దగ్గర ఇంటెల్ అనో యూనివర్సల్ అనో ఉంటుంది. రోసెట్టా మాకోస్ 27 దాకా ఉంటుందని, ఆ తర్వాత కొన్ని పాత గేమ్‌ల కోసమే కొంత భాగం మిగులుతుందని యాపిల్ 2025లో చెప్పింది. ఇంటెల్ అని మాత్రమే ఉన్న గేమ్‌లో మీ గ్రూపు పెద్ద ప్రపంచమేదో కట్టుకుంటుంటే ఇది ఇప్పుడే లెక్కలోకి తీసుకోవాలి.

కొనే ముందు పది నిమిషాలు

స్టోర్ పేజీలో మ్యాక్ గుర్తు ఉన్నంత మాత్రాన మల్టీప్లేయర్ బాగుందని కాదు. క్రాస్ ప్లాట్‌ఫామ్ మల్టీప్లేయర్ అనే ట్యాగ్ ఉందా చూడండి, ఉన్నా మ్యాక్‌ని కలిపి అన్నారా లేక పీసీ, కన్సోల్ మధ్యేనా అన్నది కిందున్న వివరాల్లో వెతకండి. మ్యాక్ వెర్షన్ ఎవరు చేశారో చూడండి. స్టీమ్‌డీబీలో రెండు డిపోల తేదీలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏడాదిగా మ్యాక్ డిపో కదలకపోతే ఎంత డిస్కౌంట్ ఉన్నా వదిలేయండి.

కొన్నాక మొదటి పని ఒంటరిగా ట్యుటోరియల్ ఆడటం కాదు, విండోస్ స్నేహితుడిని పిలిచి లాబీలో కలవడం. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల ఆట దాటకుండా ఉంటే రీఫండ్ ఇస్తారు, ఆ రెండు గంటల్లో ఒక గంట మల్టీప్లేయర్‌కే పెట్టండి. కలవకపోతే ఇద్దరూ రీఫండ్ అడగండి, కారణం రాసే పెట్టెలో మ్యాక్, విండోస్ మధ్య మల్టీప్లేయర్ పనిచేయలేదని, ఇద్దరి వెర్షన్ నంబర్లతో సహా స్పష్టంగా రాయండి.